తువ్వాలు కింద మాట

ఆ ఆదివారం అనకాపల్లి బెల్లం బజారులో చప్పట్లు కొట్టని చెయ్యి లేదు. గొడవంతా అక్కడే వచ్చింది. ఆవేళ ఊరికే చూసి లేచిపోయి ఉంటే మర్నాడు అంత కోపం రావలసిన పని లేదు. ముందు చప్పట్లు కొట్టేసి, దేనికి కొట్టామో తరవాత తెలుసుకున్నవాడి కోపం మామూలుగా ఉండదు మరి.

నాటకం పేరు 'నాలుగో బెంచీ'. ఇరవై ఎనిమిది నిమిషాలు. హైదరాబాదు చానెల్ ఒకటి కొత్తవాళ్ళ చేత చిన్న చిన్న నాటకాలు తీయించి ఆదివారం పదకొండు గంటలకు వేస్తోంది. ఇది అందులో ఒకటి. తీసిన అమ్మాయి యశస్విని, మునగపాక పిల్ల. అందులో ఒక ముఖ్య వేషం వేసినవాడు లోహిత్, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న కుర్రాడు. వాడి తండ్రి పైడిరాజు బజారులో కలాసీల మేస్త్రీ. రైతుల బళ్ళలోంచి బెల్లం దిమ్మలు దించి, వరసలు పేర్చి, అమ్ముడయ్యాక లారీల కెక్కించేవాళ్ళు కలాసీలు. అలాంటివాళ్ళు పద్నాలుగు మంది పైడిరాజు కింద పనిచేస్తారు.

మన బజారు టీవీలో వస్తోందని తెలిసి షావుకారు మల్లేశ్వరరావు గారు తన కొట్టు ముందు రేకుల షెడ్డులో ఇంట్లో ఉన్న పెద్ద టీవీ తెచ్చి పెట్టించారు. షావుకార్లకు కుర్చీలు వేశారు, కలాసీలకు గోనెపట్టాలు పరిచారు. అందరికీ ఉల్లిపాయ పకోడీలు. పైడిరాజును మాత్రం పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. నటుడి తండ్రి కదా. పాతికేళ్ళలో ఆ కొట్టు ముందు అతను కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

నాటకంలో కథ ఇంతే. పదో తరగతి చదివే ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడు షావుకారు కొడుకు, ఒకడు కలాసీ కొడుకు. ఇద్దరిదీ ఒకటే బెంచీ. ఒకడి డబ్బాలో అన్నం రెండోవాడు తింటాడు. వానొస్తే ఒకే సైకిలు మీద ఇద్దరూ తడుస్తారు. ఒకడు బడికి రాకపోతే రెండోవాడు పాఠం వినడు, గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటాడు. చివరికి షావుకారు కొడుకుని విజయవాడ హాస్టల్లో పడేస్తున్నారు. వెళ్ళే రోజు బెల్లం బజారులో అందరి మధ్యా ఇద్దరూ ఎదురుపడతారు. కలాసీ కొడుకు తన భుజం మీద తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుతాడు. దాని కింద ఇద్దరూ చేతులు పట్టుకుంటారు. చాలాసేపు వదలరు. చుట్టూ జనం వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటూ ఉంటారు. అంతటితో అయిపోతుంది.

దీన్ని చూసిన బజారు ఏమనుకుంది? బేరం అనుకుంది.

తప్పు వాళ్ళది కాదు. మైకులో వేలం పాట పాడి ధర తేల్చడం నిన్నమొన్నటి సంగతి. అంతకు ముందు బెల్లం బేరం తువ్వాలు కిందే జరిగేది. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా నిలబడి చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పి, వేళ్ళతోనే మాట్లాడుకునేవారు. ఏ వేలు పట్టుకుంటే ఎంతో, ఎక్కడ నొక్కితే ఏమిటో వాళ్ళిద్దరికే తెలిసేది. పక్కన వందమంది నిలబడినా ఒక్కడికీ అంతుపట్టేది కాదు. ఆ పద్ధతికి ఒకే ఒక్క కట్టుబాటు ఉంది. తువ్వాలు కింద ఏం జరిగిందో మూడోవాడు అడగకూడదు. ఒకసారి కొత్త గుమస్తా ఒకడు తెలియక అడిగితే, మల్లేశ్వరరావు గారు వాణ్ణి మూడు రోజులు కొట్టు గుమ్మం ఎక్కనివ్వలేదు. పైడిరాజుకి ఆ విద్య నేర్పింది కూడా ఆయనే. ఇప్పటికీ మంచి సరుకు కనబడితే ఆయనకు వేళ్ళు ఊరుకోవు.

అందుకని తెర మీద ఇద్దరు కుర్రాళ్ళు తువ్వాలు కప్పుకోగానే షెడ్డు షెడ్డంతా ముందుకు వంగింది. అందరిలోకీ పాత కలాసీ సత్తియ్య గోనెపట్టా మీంచి సగం లేచి, "గుంటడు సెయ్యి బాగా పట్టేడ్రా! మనసులో మాట కక్కనేదు సూడు!" అన్నాడు. నాటకం అయిపోగానే మల్లేశ్వరరావు గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన లేచాక మిగిలినవాళ్ళు కూర్చుంటారా? "మన పద్ధతి ఇన్నాళ్ళకి టీవీకెక్కిందిరా పైడిరాజూ!" అని ఆయన భుజం తడితే, పైడిరాజు తల వంచుకుని పకోడీ నమిలాడు. అనవలసింది అప్పుడే అనేసి ఉంటే ఎలా ఉండేదో. కుర్చీ ఒకటి అడ్డొచ్చింది.

సోమవారం పొద్దున్న కాటా దగ్గర గుమస్తా కన్నబాబు ఫోనులో ఏదో చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. ఎవరో పెద్దమనిషి నాటకాన్ని మెచ్చుకుంటూ రాశాడట. ఇద్దరు బడి కుర్రాళ్ళ మధ్య ప్రేమను ఇంత సున్నితంగా చూపించిన నాటకం ఈ మధ్య రాలేదట. ఆ చివరి దృశ్యంలో తువ్వాలు చూసి ఆయనకు కన్నీళ్ళు ఆగలేదట.

"ప్రేమేటి? ఎవళ మధ్య?" అన్నారు మల్లేశ్వరరావు గారు.

"ఆళ్ళిద్దరి మధ్యేనండి."

"ఏ ఇద్దరు?"

"అదేనండి. కుర్రోళ్ళు. ఇద్దరూను."

ఆ తరవాత బజారులో కాసేపు ఎవరి మొహం ఎవరూ చూడలేదు. పకోడీలు తిన్న నోళ్ళు కదా. ఒకడు తను చప్పట్లు కొట్టనే లేదన్నాడు. ఇంకొకడు తనకు ముందే అనుమానమొచ్చిందన్నాడు. ఇలాంటివన్నీ సిటీలో పుట్టిన రోగాలు, మన నీళ్ళు తాగినవాడు ఇలా ఉండడు అని ఇంకెవరో అన్నారు. మధ్యాహ్నానికి సిగ్గంతా కోపంగా మారిపోయింది, కోపానికి ఒక మనిషి కావలసి వచ్చాడు. యశస్విని హైదరాబాదులో ఉంది. రెండో వేషం వేసినవాడు విశాఖపట్నం కుర్రాడు. దొరికినవాడు పైడిరాజు.

మల్లేశ్వరరావు గారు అతన్ని లోపలికి పిలిచి, గొంతు తగ్గించి మాట్లాడారు. ఆయన చెడ్డవాడేం కాదు. పైడిరాజు పెళ్ళికి బట్టలు పెట్టిన మనిషి.

"ఒరే, నిన్ను అనీ లాభం లేదు. చదువురానోడివి, నీకేటి తెలుస్తాది? బెల్లం మీద సినిమా అని చెప్పి ఆ పిల్ల మోసం చేసింది. అంతే కదా? రేపు పొద్దున్న పాట మొదలవకముందు కేబుల్ వాళ్ళని రమ్మంటాను. మైకు ముందు నాలుగు మాటలు చెప్పీ. కథ నాకు తెలీదు, నా కొడుక్కీ తెలీదు, తెలిస్తే చెయ్యనిద్దును కాదు అను. బజారు పరువు నిలబడతాది. నీ మేస్త్రీ పనీ నిలబడతాది."

పైడిరాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఇంటికి పోయాడు.

నిజం ఏమిటంటే అతనికి ముందే తెలుసు. మొత్తం తెలుసు. యశస్విని ఒక పొద్దుటి పూట వాళ్ళింటికి వచ్చి, చాప మీద కూర్చుని, కాగితాలు తీసి మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించింది. ఏదీ దాచలేదు. ఈ కుర్రాళ్ళిద్దరూ ఒకరినొకరు ప్రేమించుకుంటారండి, మీకు ఇష్టం లేకపోతే లోహిత్ ని అడగను అని మరీ చెప్పింది. పైడిరాజు భార్య కాసులమ్మ చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ తీస్తూ చెయ్యి ఆపేసింది. పైడిరాజు ఒకే ప్రశ్న వేశాడు.

"ఆకర్న ఏటవుద్దమ్మా? సచ్చిపోతారా?"

"లేదండి. విడిపోతారు. కానీ బతికే ఉంటారు."

"అయితే సెయ్యనీ."

ఎందుకలా అన్నాడో అతనికే సరిగ్గా తెలియదు. ఏడో తరగతిలో బడి మానేసి దిమ్మలు మోయడానికి వచ్చిన కొత్తలో, తన పక్కన కూర్చునే కుర్రాడొకడు వారం రోజులు బడి వదిలాక బజారు దాకా వచ్చి, గేటు దగ్గర నిలబడి, తనను చూసి వెళ్ళిపోయేవాడు. మాట్లాడేవాడు కాదు. ఎనిమిదో రోజు రాలేదు. ఆ వారం రోజులనూ ఏమనాలో పైడిరాజుకి అప్పుడు తెలియదు, ఇప్పుడూ తెలియదు. యశస్విని చదువుతుంటే మాత్రం ఆ గేటు కళ్ళ ముందుకు వచ్చింది.

పైగా ఆ చివరి దృశ్యంలో చెయ్యి పట్టుకోవడం నేర్పింది తనే. నాటకం తీసేటప్పుడు విశాఖపట్నం కుర్రాడు ఏదో కరచాలనం చేసినట్టు వదులుగా పట్టుకుంటే, పక్కనే నిలబడి చూస్తున్న పైడిరాజుకి ఒళ్ళు మండింది. "అలగ్గాదు బాబూ. బేరం కుదిరినాక బొటనేలు మొదట్లో ఇలగ గట్టిగా నొక్కాల. నొక్కితే ఏటన్నమాట? నా మాట తిరగదు, నువ్వు నమ్ముకో అన్నమాట. అది నొక్కినోడు మరి ఎనక్కెళ్ళడు" అని చూపించాడు. యశస్విని తెచ్చిన కొత్త తువ్వాలు పెళపెళలాడుతోందని తన భుజం మీద ఉన్న పాతది తీసి ఇచ్చాడు. టీవీలో ఊరంతా చూసిన తువ్వాలు అదే.

ఇంటికి వెళ్ళి విషయం చెబితే కాసులమ్మ ముందు వంటింట్లోంచి బయటికి రాలేదు. తరవాత గుమ్మంలోకి వచ్చి, "నాలుగు మాటలే కదేటి. సెప్పీ. నాలిక్కేటైనా పుండడతాదా? మేస్త్రీ పని పోతే రేపణ్ణించి ఏటి తింటాం?" అంది. అదీ నిజమే.

లోహిత్ పుస్తకం పక్కన పెట్టి, "నాన్నా, మీరుండండి. నేనే వెళ్ళి చెప్తాను. అన్నీ తెలిసే చేశానని చెప్తాను" అన్నాడు.

"నోర్ముయ్. తువ్వాలు నాది" అన్నాడు పైడిరాజు.

అయిదు గంటలప్పుడు గుమ్మం ముందు సైకిలు ఆగింది. దిగినవాడు శ్యామ్. మల్లేశ్వరరావు గారి మనవడు, లోహిత్ తో కలిసి చదువుతున్నాడు. బస్సు తప్పిపోయినప్పుడు తప్ప వాళ్ళింటికి వచ్చే కుర్రాడు కాదు. కాసులమ్మ ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు, తాగలేదు. లోహిత్ ఏదో అడగబోతే వినిపించుకోలేదు. పైడిరాజు వైపే చూశాడు.

"అంకుల్, రేపు మీరు అలా చెప్పేస్తారా?"

"ఎలగ?"

"అదే. తెలిస్తే చెయ్యనిద్దును కాదని." కుర్రాడు గుమ్మం వైపు ఒకసారి చూశాడు. "తాతయ్య భోజనాల దగ్గర చెప్తున్నారు. అలాంటోళ్ళు మన ఇళ్ళలో పుట్టరంట. పుడితే ఆ రోజే..." అక్కడితో ఆపేశాడు. "నేను ఆ నాటకాన్ని ఫోనులో నాలుగుసార్లు చూశాను అంకుల్. ఇంట్లో అందరూ పడుకున్నాక కాదు. పగలే చూశాను. తలుపేసుకుని."

అంతకంటే చెప్పవలసిన పని లేదు. నీళ్ళ గ్లాసు అలాగే అరుగు మీద పెట్టి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

కాసులమ్మ ఆ గ్లాసు తీసి నీళ్ళు వాకిట్లో పారబోసింది. తరవాత మొగుడి వైపు తిరిగి, "సెప్పకు" అంది.

"ఇందాకల సెప్పమన్నావు కదే."

"ఇందాకల ఆ గుంటడు రానేదు. రేపు నువ్వు అబద్దమాడితే ఆడు మరెవళింటికెల్తాడు? పని పోతే పోనీ. నానూ నాలుగిళ్ళలో సేత్తాను." అంటూనే ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే పొయ్యి మీద ఎసరు పెట్టింది.

మంగళవారం పొద్దున్న బెల్లం వరసల మధ్య మైకు పెట్టారు. మామూలుగా పాట పాడే మైకే. కేబుల్ కుర్రాడు కెమెరా భుజానికెత్తుకున్నాడు. షావుకార్లు, గుమస్తాలు, కలాసీలు, ఏమిటో చూద్దామని ఆగిపోయిన చుట్టుపక్కల రైతులు. మల్లేశ్వరరావు గారి వెనక కాలేజీ సంచీ భుజానికి తగిలించుకుని శ్యామ్ ఉన్నాడు. పిల్లవాడికి కూడా బుద్ధి వస్తుందని తాతగారే పట్టుకొచ్చారు. లోహిత్ తండ్రి పక్కన నిలబడ్డాడు.

పైడిరాజు మైకు ముందుకు వచ్చాడు. దిమ్మలు మోసిన మనిషికి మైకు బరువు తెలియదు.

"నాకు తెలుసు" అన్నాడు. మైకు కీచుమంది. కొంచెం వెనక్కి జరిగి మళ్ళీ అన్నాడు. "నాకు ముందే తెలుసు. ఆ యమ్మి నన్నేటీ మోసం సెయ్యనేదు. మా ఇంట్లో కూకోని కతంతా సదివి వినిపించింది. ఇద్దరు కుర్రోళ్ళు ఒకలంటే ఒకలు పేనం పెట్టుకుంటారు. అదీ కత. నాకు నచ్చింది. నానే సెయ్యమన్నాను. ఆ సెయ్యి ఎలగ పట్టుకోవాలో నేర్పింది నాను. ఆ తువ్వాలూ నాదే. ఇదే." భుజం మీంచి తీసి అందరికీ చూపించాడు. "మీకు ఆదోరమే సెప్పవలిసింది. కుర్సీలో కూకోబెట్టీసరికి నోరు రానేదు. అదొకటే నాను సేసిన తప్పు. ఇంకేటీ నేదు."

కేబుల్ కుర్రాడు కెమెరా దించాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయాడు. మల్లేశ్వరరావు గారి మొహం కందగడ్డలా అయింది.

"నీకు మతి పోయిందేటిరా? ఏటంటున్నావో తెలుస్తోందా?"

"తెలుస్తంది బాబూ. రెండు దినాలై అదే ఆలోసిస్తన్నాను."

వెనకనుంచి కన్నబాబు గొంతు పెంచాడు. "అయితే నీ కొడుకూ అలాంటోడేనా? అది చెప్పు ముందు!"

లోహిత్ నోరు తెరవబోయాడు. పైడిరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నానడగనేదు. ఆడు సెప్తే ఇంటాను. సెప్పకపోతే నేదు. ఎలగున్నా ఆడు నా కొడుకే. నువ్వెవడివి అడగడానికి? కాటా సూసుకో."

ఎక్కడో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. మల్లేశ్వరరావు గారు చెయ్యెత్తారు. ఆయన గొంతులో కోపం కంటే దెబ్బ తిన్న మనిషి బాధే ఎక్కువ వినిపించింది. "మా నాన్న నాకిచ్చిన విద్యరా అది. నీ చెయ్యి పట్టుకుని నేర్పేను. దాన్ని తీసుకెళ్ళి ఇలాంటి దానికి వాడతావా? ఫో. రేపణ్ణించి నా దిమ్మ ముట్టుకోకు. ఈ పద్నాలుగు మందికీ ఇంకో మేస్త్రీని చూసుకుంటాను."

"సిత్తం బాబూ" అన్నాడు పైడిరాజు. తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుని, కొడుకు వీపు మీద చెయ్యి వేసి, బెల్లం వరసల మధ్యనుంచి నడిచాడు. కలాసీలు దారి ఇచ్చారు. ఒక్కరూ వెంట రాలేదు. రెక్కాడితే గాని గడవని మనుషులు, వాళ్ళని ఏమనుకుంటాం? అయినా పైడిరాజుకి కష్టంగానే తోచింది. వాళ్ళ పిల్లల పేర్లన్నీ తెలిసినవాడు మరి.

నాలుగు వరసలు దాటాడో లేదో వెనక ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు.

శ్యామ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. సంచీ ఎక్కడో పడేసినట్టున్నాడు. తాతగారు చూస్తున్నారు, కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది, బజారు బజారంతా అటే చూస్తోంది. కుర్రాడు కుడిచెయ్యి ముందుకు చాపాడు.

పైడిరాజు ఒక్క క్షణం ఆ చెయ్యిని చూశాడు. అంతలోనే తన చెయ్యి కలిపి, భుజం మీద తువ్వాలు లాగి రెండు చేతుల మీదా కప్పాడు.

కుర్రాడి చెయ్యి చల్లగా ఉంది. వాడికి వేళ్ళ లెక్కలు తెలియవు, ఎవరూ నేర్పలేదు. అయిదు వేళ్ళూ ఒక్కసారే బిగించి పట్టుకున్నాడు. పైడిరాజుకి తెలిసిన గుర్తుల్లో అది లేదు. అయినా అర్థమైంది. ఒక మనిషి ఇంత మందిలో, ఇంత పట్టపగలు, తనకు ఆ మాట చెప్పగలిగాడే అని గుండె నిండిపోయింది. కుర్రాడి బొటనవేలు మొదట్లో గట్టిగా నొక్కాడు. మాట తిరగదు. నువ్వు నమ్ముకో.

"ఏటిరా అది?" మల్లేశ్వరరావు గారు వరసల మధ్యనుంచి వచ్చేస్తున్నారు. పంచె దిమ్మలకు తగులుతున్నా చూసుకోవడం లేదు. "పైడిరాజూ! ఏటి చెప్పేడ్రా వాడు నీకు? ఏటి చెప్పేడు?"

పైడిరాజు జవాబు చెప్పకముందే పక్క వరసలోంచి ముసలి గొంతు ఒకటి లేచింది. సత్తియ్యది. నలభై ఏళ్ళుగా షావుకార్ల ముందు తల ఎత్తి మాట్లాడని మనిషి, దిమ్మ కింద పెట్టి నడుము నిటారు చేసుకున్నాడు.

"తువ్వాలు కింద మాట అడక్కూడదండి బాబూ."

మల్లేశ్వరరావు గారు నడుస్తున్నవారు నడుస్తున్నట్టే ఆగిపోయారు. చుట్టూ చూశారు. ఆ కట్టుబాటు తెలియనివాడు అక్కడ ఒక్కడూ లేడు. ఆయన పెదవులు కదిలాయి గానీ రెండోసారి అడగలేకపోయారు.

పైడిరాజు తువ్వాలు తియ్యలేదు. కుర్రాడు తన చెయ్యి తను వదిలేదాకా అలాగే నిలబడ్డాడు.